మా బాయిలో దిగిన లంగరు

దయ్యాలంటే నాకు ఎన్నడూ లెక్క లేదు. గొర్రెల వెంట బొందలగడ్డ మీదుగా ఒంటిగా తిరిగిన దాన్ని. పూనకం వచ్చి ఊగే ఆడవాళ్లను చూస్తే, ఇంట్లో చెప్పుకోలేని మాట గిట్ల చెప్పుకుంటున్నరు పాపం అనుకునేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటున్న. కాబట్టి ఈ సంగతి చదివి, పిరికిది రాసిందని ఎవరూ తీసిపారేయొద్దు.

పోలీసు చర్య అయిన ఏడెనిమిదేండ్లకు జరిగింది. మర్రిగూడ దిక్కు మా అత్తగారి ఊరు. ఎండాకాలం మా దిక్కు గడ్డి ఉండదు. నా పెనిమిటి మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయిండు. ఇంట్లో అత్త, నేను.

అత్త తన వెండి కడియాలు తోమమని ఇచ్చిన పూటే మా తమ్ముడు నన్ను చూడ వచ్చిండు. కడియాలను గుడ్డలో మూటగట్టి, రాగి చెంబులో వేసి, బాయి గట్టు మీద పెట్టి, వానికి గటక పెట్టడానికి లోపలికి పోయిన. వాడు తిని వెళ్లినంక చూస్తే చెంబు లేదు. పక్కన మా మేక తాడు తెంపుకొని నిలబడ్డది. మేక తగిలి చెంబు బాయిలో పడ్డదని నేనన్న.

“మేక మీద పెడుతున్నవా? నీ తమ్ముని సంచి ఎందుకు బరువైందో గది చెప్పు” అన్నది అత్త.

ఈతగాడు మూడు మునకలు వేసి, బురద తప్ప ఏం లేదన్నడు. కులపెద్దలు కూర్చున్నరు. రేపు పొద్దు గూకేలోపల కడియాలు రావాలె. రాకుంటే తమ్ముడు దొంగ, నేను పుట్టింటికి. పటేలు ఇంట్లో పాతాళగరిగె ఉండె, అదే, బాయిలో పడ్డ బొక్కెనలు తీసే ఇనుప కొక్కేల గుత్తి. అడిగితే, దొంగదాని చేతికి ఇయ్యం పొమ్మన్నరు.

తెల్లారి మిట్టమధ్యాహ్నం క్రైస్తవుల పాత దవాఖానకు పోయిన. ఊరికి కోసెడు దూరం. మా కులపోళ్లు ఆ గడప తొక్కరు. అక్కడ పెద్ద బాయి ఉంది కాబట్టి పాతాళగరిగె ఉంటదనుకున్న.

వరండాలో ఒక నడీడు మనిషి నిలబడి ఉంది. మణికట్టు దాక రవిక చేతులు, నడుముకు తాళంచెవుల గుత్తి. నేను నోరు తెరవకముందే లోపలికి పోయి, ఇనుము తెచ్చి చేతిలో పెట్టింది.

“తాడు గట్టిగ కట్టుకో బిడ్డా” అన్నది.

మా దిక్కు పాతాళగరిగెకు ఆరేడు కొక్కేలుంటయి. దీనికి రెండే, అటొకటి ఇటొకటి. పైన అడ్డంగా ఒక కడ్డీ. ఇదేం పనికొస్తది అనుకుంటనే తెచ్చిన. పదిమంది చూస్తుండగ బాయిలో వేసిన. మొదటిసారికే చెంబు వచ్చింది. చెంబు మూతిలో ఇరుక్కున్న కడియాల మూట ముడిలోనే కొక్కెం దూరి ఉంది.

ఈతగాడు నోరు తెరిచిండు. “గా జాగంతా నేను చేతులతో దేవిన గదా, అక్కా!”

పెద్దలు అప్పుడూ ఊరుకోలేదు. ఆ దవాఖాన గడప తొక్కినందుకు పసుపునీళ్లు పోసుకొని, తప్పయిందని చెప్పమన్నరు.

“నేనెందుకు చెప్తా? ముందు మా తమ్ముని పిలిచి, వాడు దొంగ కాదని వాని ముఖం మీద చెప్పుండ్రి” అన్న.

మూడు రోజులు నేను పొయ్యి ముట్టించలేదు. నాలుగోనాడు తమ్మున్ని పిలిపించిన్రు. అత్త వాని ముందర తల వంచుకొని చెప్పింది. పసుపునీళ్లు నేను పోసుకోలేదు.

ఆ మరునాడు ఇనుము తిరిగి ఇయ్యడానికి పోయిన. అక్కడ ఉండేది పాస్టరయ్య, ఆయన భార్య ఇద్దరే. ఇది మాది కాదన్నరు. నేను చెప్పిన పోలికల మనిషి ఎవరూ లేదన్నరు. మాట్లాడుతుంటే దవాఖాన వెనుక ఒక సమాధి కంటబడ్డది. రాతి మీద అచ్చం అదే చెక్కి ఉంది. రెండు కొక్కేలు, నడుమ కాడ, పైన అడ్డకడ్డీ.

“అయ్యా, గీ రాయి మీద పాతాళగరిగె ఎందుకు చెక్కిన్రు?”

ఆయన నవ్విండు. అది లంగరట. సముద్రంలో గాలివానకు ఓడ కొట్టుకుపోకుండ ఆపే ఇనుమట. వెనకట క్రీస్తును నమ్మినోళ్లను రాజులు చంపే కాలంలో, సిలువ గీస్తే ప్రాణం పోతదని సమాధుల మీద లంగరు గీసేవాళ్లట. ఎరిగినవాళ్లకు ఆ అడ్డకడ్డీలో సిలువ కనిపించేదట. ఆశ విడువలేదని దానర్థమట. ఓడెక్కి వచ్చిన తెల్ల దొరసాని, తన దగ్గర పనిచేసి చనిపోయిన నర్సమ్మ కోసం చెక్కించిందట.

“ఓడ నేను చూడలేదయ్యా. మీది కిందికి దిగి పట్టుకొని ఉంటది. మాది కిందికి దిగి పట్టుకొని వస్తది” అన్న.

పాస్టరయ్య భార్య ఆ ఇనుమును చేతిలో ఊపి చూసి, “నేనూ వచ్చిన కొత్తల బాయి కొక్కెమనే అనుకున్న, వదినా” అన్నది. ఎవరిదైతే వాళ్లే వచ్చి అడుగుతరని వాళ్ల బాయి దగ్గర తగిలించింది. ఎవరూ రాలేదు.

యాభై దాటినంక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్న. కొంచెం కూడబలుక్కొని చదవడం రాగానే ఆ రాయి దగ్గరికే పోయిన. నర్సమ్మ పేరు, కింద ఏండ్లు. నేను పుట్టక ముందే పోయింది.

నేను మతం మారలేదు. ఆ ఇనుము ఎక్కడిదో, ఇచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెల్వదు. మా అత్త మాత్రం బతికినన్ని రోజులు “దయ్యం ఇచ్చిన ఇనుము” అనేది. అన్న ప్రతిసారీ నేను కొట్లాడిన. ఊరంతా మా తమ్మున్ని దొంగ అంటుంటే, ఒక్క ప్రశ్న అడగకుండ నా చేతిలో ఇనుము పెట్టిన మనిషి ఆమె. ఆ మనిషిని నా ముందర ఎవరినీ దయ్యమననియ్య.