అల్లావాకు రెండు చావులు

మా ఊరి జర్ఫాకు అబద్ధం చెప్పడం చేతకాదు. జీవితంలో ఒకే ఒక్కటి చెప్పింది. దాన్ని ఊరంతా నమ్మింది, అదే ఆమె కొంప ముంచింది.

పంతొమ్మిదివందల యాభై ఏడులో ఆమె ఒక్కగానొక్క కొడుకు అల్లావా ఫ్రెంచివాళ్ల మీద తుపాకీ పట్టి అవురేస్ కొండల్లోకి పోయాడు. ఇంట్లో ఉండాల్సిన కుర్రాడు లేకపోతే ఫ్రెంచి సైన్యం ఆ ఇల్లు తగలబెట్టే రోజులవి. అందుకని జర్ఫా, శవాలకు స్నానం చేయించే బషీర్ ముసలాయన కలిసి, పిల్లాడు టైఫాయిడ్‌తో పోయాడని చెప్పి, ఒక చెట్టు మొద్దుకు కఫన్ గుడ్డ చుట్టారు. అంటుకుంటుందన్న భయంతో సిపాయిలు గడప దాటలేదు. జనాజా పాడె మోసి, గోరీలో మట్టి కప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. బక్క పిల్లాడు ఇంత బరువేమిటా అనుకున్నాను గానీ నోరు మెదపలేదు. మూడోనాడు ఆమె పెట్టిన మాంసం కుస్‌కుస్ రెండుసార్లు వడ్డించుకుని మరీ తిన్నాను.

అరవైలో అల్లావా నిజంగానే పోయాడని ఆమెకు రహస్యంగా కబురొచ్చింది. ఎక్కడ పూడ్చారో తెలియదు. పోయిన కొడుక్కి మళ్లీ కొత్తగా ఏడిస్తే ఊరికి అనుమానం. అందుకని ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చేదట. ఒక్క మనిషికి అన్ని ఉల్లిపాయలెందుకని మా ఆవిడ ఎగతాళి చేసేది కూడాను.

అరవై రెండులో అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది. గొంతులు పోయేలా అరిచాం. మరుసటేడు సంతలో రాయి నిలబెట్టి అమరుల పేర్లు చెక్కిస్తామన్నారు. జర్ఫా కమిటీ ముందుకెళ్లి జరిగిందంతా చెప్పి, కొడుకు పేరూ చెక్కమంది. కమిటీ పెద్ద సద్దీక్ నవ్వలేదు, అదే నయం.

"పిన్నీ, వాడితో కలిసి పోరాడినవాళ్లు ఇద్దరు సాక్ష్యం చెప్పాలి."

"అందరూ పోయారు నాయనా. బషీర్ కూడా ఫ్రెంచివాళ్ల జైల్లోనే పోయాడు."

సద్దీక్ అక్కడే నిలబడ్డ నావైపు తిరిగాడు. "నువ్వు జనాజా మోశావా?"

"మోశాను."

"మూడోనాటి భోజనం?"

"తిన్నాను."

ఆ బరువు సంగతి అప్పుడే చెప్పాల్సింది. మా తమ్ముడి పేరు ఆ అమరుల జాబితాలో ఉంది, కమిటీతో పేచీ ఎందుకని మింగేశాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"అయితే గోరీ తవ్వండి. లోపల మొద్దుంటుంది, చూసుకోండి," అంది జర్ఫా.

ఇమాం ససేమిరా అన్నాడు. ఆమె మూడు శుక్రవారాలు మసీదు మెట్ల మీద కూర్చుంది. చివరికి ఒప్పుకున్నాడు. పార నేనే పట్టాను.

మొద్దు లేదు. ఎముకలున్నాయి. నడుము దగ్గర చీకిపోయిన ఎర్ర ఉన్ని పట్టీ ఉంది. కొండల్లోకి పోయేనాడు ఆమె నేసి కట్టిన పట్టీ అది. తోటివాళ్లెవరో మొద్దు తీసేసి, వాణ్ని తెచ్చి వాడి గోరీలోనే పడుకోబెట్టారన్నమాట. ఫ్రెంచివాళ్లు వెతకని చోటు అదొక్కటే మరి.

సద్దీక్ కాగితం మడిచాడు. "ఇంకేం చూపిస్తావు పిన్నీ? ఆ పట్టీ కట్టి నువ్వే పూడ్చుకున్నావు. బెంగతో ఏదేదో అనుకుంటున్నావు."

"ఆ రోజు బరువు తేడాగా ఉంది," అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు.

జర్ఫా గోతి అంచున కూర్చుని పట్టీ వైపే చూస్తోంది.

"ప్రతి పండక్కీ జనం కోసం ఇక్కడికొచ్చి దొంగ ఏడుపు ఏడ్చాను మరిదీ," అంది. "అసలు ఏడుపంతా ఆ ఉల్లిపాయల దగ్గర పోయింది."

సద్దీక్ మట్టి కప్పమన్నాడు. రెండోసారి కూడా నేనే కప్పాను.