కంప్యూటర్‌కు గౌను

ఇళ్ళలోకి కంప్యూటర్లు ఒకటీ అరా వస్తున్న ఆ రోజుల్లో, వాటిని బాగుచేసేవాడికి డాక్టరుకిచ్చినంత మర్యాద ఉండేది. ఏ ఇంట్లో కంప్యూటర్ ఉందో వీధి మొత్తానికీ తెలిసేది. దాని గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు, దాని ముందు కూర్చుని టీ తాగకూడదు, గట్టిగా తుమ్మకూడదు (వైరస్ అన్న మాట అందరూ విన్నారు, అది ఎవరి నుంచి ఎవరికి అంటుతుందో ఎవరికీ తెలియదు). అలాంటి కాలంలో నేను సికింద్రాబాద్‌లో ఒక మూడో అంతస్తు ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు పూర్తిచేసి, లోకంలోని కంప్యూటర్లు ఎప్పుడెప్పుడు చెడిపోతాయా అని బోయిగూడలో కూర్చుని ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి. అమ్మ నా సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి తాతయ్య ఫోటో పక్కన తగిలించింది. తాతయ్య బళ్ళో పాఠాలు చెప్పీ చెప్పీ, చివరికి చనిపోయి సంపాదించిన గోడ అది. నాకు ఆరు నెలల్లోనే దక్కింది. నిజానికి ఆ ఆరు నెలల్లో నేను సొంతంగా విప్పిన కంప్యూటర్లు రెండంటే రెండు. ఆ రెండూ నేను ముట్టుకునేసరికే చచ్చిపోయి ఉన్నాయి కాబట్టి నా వల్ల వాటికి జరిగిన నష్టమేమీ లేదు.

మాకు పాఠం చెప్పినాయన్ని స్క్రూడ్రైవర్ సార్ అనేవాళ్ళం. ఆయన స్క్రూడ్రైవర్‌ను చెవి మీద పెట్టుకుని, దానికోసం బల్లంతా వెతికేవారు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి కింది అంతస్తులో సొంత రిపేరు దుకాణం. ఆయన దగ్గర నేను బాగా ఒంటబట్టించుకున్న విద్య ఒకటే. రోగం ఏమిటో అంతుపట్టకపోతే ఫార్మాట్ కొట్టడం. అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి నింపడం. అన్నీ చూశాక ఆఖర్న చేయాల్సిన పని అని సార్ చెప్పే ఉంటారు. ఆ ముందుభాగం చెప్పిన రోజు నేను క్లాసుకు వెళ్ళినట్టు లేను.

ఒక శనివారం పొద్దున అల్వాల్ నుంచి పిన్ని ఫోన్ చేసింది. పిన్ని గుంటూరు వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చినా, ఇన్నేళ్ళలో ఆ యాస ఒక్క అక్షరం కూడా వదులుకోలేదు. అక్కడే ఒక ప్రైవేటు బళ్ళో టీచరు.

"ఒరేయ్, మా కంప్యూటర్ లేవట్లేదురా. తెరంతా నల్లగా అయిపోయి, డిస్కు బాలేదని ఇంగ్లీషులో ఒక్క లైను చూపిస్తోంది. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే. ఆరు క్లాసుల హాఫ్ ఇయర్లీ పేపర్లు అందులోనే ఉన్నాయి. సోమవారం పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గారి చేతిలో పెట్టాలి."

"మళ్ళీ రాసేయలేవా పిన్నీ?" అని అమ్మ ముందు గంభీరంగా అడిగాను.

"రెండు రోజుల్లో ఆరు క్లాసులకా? ఎప్పట్లాగే చేత్తో రాసుకుందామని మిగతా టీచర్లందరూ అంటే, కాదు, నేను కంప్యూటర్లో కొట్టి తెస్తానని స్టాఫ్ మీటింగులో లేచి చెప్పిందాన్నిరా నేను. ఇప్పుడు ఖాళీ చేతుల్తో వెళ్తే వాళ్ళు నన్ను ఏమీ అనరు. నవ్వుతారు."

నాకు జాలి కలగాలి. కలిగింది కూడా, కానీ దానికంటే ముందు సంతోషం కలిగింది. ఇన్నాళ్ళకు ఒక కంప్యూటర్ చెడిపోయింది. "నేనొస్తున్నా, నువ్వేం ముట్టుకోకు," అని ఆపరేషన్‌కు బయల్దేరేవాడిలా చెప్పి ఫోన్ పెట్టేశాను.

పిన్ని ఇంటి గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఇంట్లో కవరు లేని వస్తువు లేదు. టీవీకి కవరు, మిక్సీకి కవరు, ఫోనుకు లేసు కవరు, ఫ్రిజ్ పిడికి తొడుగు, రిమోట్‌కు కొన్ననాటి ప్లాస్టిక్ సంచీ. గ్యాసు బండకు కుచ్చుల లంగా ఉండేది. (మంకీ క్యాప్, మఫ్లరు కట్టించి పంపేది కాబట్టి చలికాలంలో బాబాయిని కూడా ఈ లెక్కలోనే వేసుకోవచ్చు.) ఇక కంప్యూటర్ వచ్చిన రోజున కొలతలు తీసుకుని మరీ దానికి నీలం సాటిన్ గౌను కుట్టింది. పవర్ బటన్ వచ్చేచోట చొక్కా గుండీకి కుట్టినట్టు చక్కగా కాజా కుట్టింది. ముందువైపు ఒక గుడ్డ రేకు వేలాడేది. దాని మీద తెల్లదారంతో గొర్రెపిల్ల. కళ్ళకు నల్లపూసలు. గాలి ఆడటానికి వెనక తెరిపి, పక్కన టిచ్ బటన్లు. వాడేటప్పుడు కూడా ఆ గౌను తీసేది కాదు. అదేమంటే, "వాడేటప్పుడేగా దుమ్ము పడేది," అనేది.

నేను సంచీలోంచి స్క్రూడ్రైవర్లు తీసి బల్ల మీద ఒద్దికగా పేర్చాను. గౌను మీద చెయ్యి వేశానో లేదో పిన్ని అడ్డుపడింది.

"ముందువైపు పట్టుకోకురా, గొర్రెపిల్ల దారాలు లేచిపోతాయి. పక్క బటన్లు విప్పి పైకి మడుచుకో."

అలాగే మడిచాను. ముందువైపు గొర్రెపిల్ల కదలకుండా వేలాడుతూ, తన పూసకళ్ళతో నన్నే చూస్తూ ఉంది. కాజాలోంచి బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది, నల్లతెర మీద పిన్ని చెప్పిన లైనే వచ్చింది. డబ్బా పక్కనున్న ఇనప రేకు విప్పి తీగలన్నీ పీకి మళ్ళీ గుచ్చాను. ఊదాను. మెమరీ కార్డుల్ని రబ్బరుతో రుద్దాను. ప్రతిసారీ అదే లైను. పిన్ని ఉప్మా పెట్టింది, కాఫీ ఇచ్చింది, నా వెనకే నిలబడి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఆ నిలబడటం నన్ను తొందరపెట్టింది. చివరికి, "హార్డ్ డిస్కు పోయినట్టుంది. సార్ దగ్గరికి తీసుకెళ్ళాలి," అన్నాను. డిస్కును తువ్వాలులో చుట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు గుండెలకు హత్తుకుని సికింద్రాబాద్ బస్సెక్కాను. ఒకావిడ నిజంగానే లేచి నాకు సీటిచ్చింది.

స్క్రూడ్రైవర్ సార్ దాన్ని తన కంప్యూటర్‌కు తగిలించి రెండు నిమిషాలు చూశారు.

"ఇది మంచిగనే ఉంది గదనయ్యా. తక్లీఫ్ ఇంకెక్కడనో ఉన్నట్టుంది. పొయ్యి జెర సక్కగ చూడు."

అక్కడే థ్యాంక్స్ చెప్పి వచ్చేస్తే ఈ కథ లేదు. కానీ అంత దూరం వెళ్ళి, 'సక్కగ చూడు' అన్న సలహా ఒక్కటి పట్టుకుని ఎలా తిరిగి వెళ్ళడం? ఏదో ఒకటి చేయించుకుని పోతే వైద్యం జరిగినట్టు ఉంటుంది.

"ఎందుకైనా మంచిది, ఫార్మాట్ కొట్టేయండి సార్," అన్నాను.

"లోపట కావాల్సినయి ఏమన్న ఉన్నయా?"

"అన్నీ డి డ్రైవులో ఉంటాయి సార్."

సార్ తుడిచేసి, మళ్ళీ నింపి డిస్కు నా చేతిలో పెట్టారు. హార్డ్ డిస్కును రెండు అరలుగా చేస్తారు. మొదటిది సి, రెండోది డి. ఫార్మాట్ కొట్టేది మొదటి అరకే, రెండోదాని జోలికి వెళ్ళరు. అందుకని బుద్ధిమంతులు ముఖ్యమైనవన్నీ రెండో అరలో దాచుకుంటారని మా ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పారు. పిన్ని ఆ ఇన్‌స్టిట్యూట్‌కు రాలేదన్న సంగతి నాకు తట్టలేదు.

తట్టింది బస్సులో, తిరుగు ప్రయాణంలో. డిస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక, పిన్ని కంప్యూటర్ మామూలుగా వెలిగినప్పుడు ఎలా ఉండేదో గుర్తొచ్చింది. తెర నిండా ఫైళ్ళు, బల్ల మీద పుస్తకాలు పరిచినట్టు. పిన్నికి అన్నీ కళ్ళ ముందే ఉండాలి. అలా తెర మీద పరిచిన ఫైళ్ళన్నీ చేరేది మొదటి అరలోకే. అల్వాల్ వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికి చూడలేదు.

ఇంటికొచ్చి డిస్కు బిగించి కాజాలోంచి బటన్ నొక్కాను. నల్లతెర. అదే లైను. ఆ క్షణంలో కంప్యూటర్ లేవలేదు, అందులోని పేపర్లూ లేవు. రోగం అలాగే ఉంది, రోగి ఆస్తి మాత్రం పోయింది.

చెప్పేశాను. అబద్ధమాడదామని ఒక అరనిమిషం ఆలోచించిన మాట నిజమే. పిన్ని తిడుతుందనుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుని, "తాతయ్య పాటలు కూడా పోయాయిరా?" అంది.

తాతయ్య తన చేత్తో పాటలు రాసుకున్న నోటుపుస్తకం ఒకటుంది. అట్ట ఊడి, సిరా వెలిసిపోతోందని పిన్ని సెలవుల్లో ఒక్కో పాటా కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. నలభై దాకా అయ్యాయట. నాకు తెలియదు. మా ఇంట్లో ఆయన ఫోటో పక్కన నా సర్టిఫికెట్ వేలాడుతున్న సంగతి గుర్తొచ్చి, నాకు అక్కడే ఏడుపొచ్చింది. పిన్ని నా వీపు మీద చెయ్యి వేసి, "పుస్తకం ఉందిగా, ఊరుకో. ఆగు, పేపర్లు నిన్న సాయంత్రం ఫ్లాపీలోకి కూడా ఎక్కించా. ప్రింటుకు ఇద్దామని. అదెక్కడ పెట్టానో," అంటూ లేచింది.

అరచేతిలో పట్టే ఆ పలచటి ఫ్లాపీ బిళ్ళ కోసం ఇల్లంతా గాలించాం. హ్యాండ్‌బ్యాగు, బైబిలు, చర్చి పాటల పుస్తకం, కుట్టుమిషను సొరుగు, దిండు గలీబులు. మిక్సీ గౌను ఎత్తి చూశాం. గ్యాసు బండ లంగా కూడా. ఆ ఇంట్లో ఒక వస్తువు దాక్కోవడానికి ఎన్ని చోట్లున్నాయో ఆ రోజే తెలిసింది. ఐదున్నరకు మౌలాలి రైల్వే షెడ్డులో డ్యూటీ దిగి బాబాయి వచ్చేసరికి, నేను బీరువా కిందికి చెయ్యి పెట్టి బోర్లా పడుకుని ఉన్నాను. బాబాయి ఇక్కడి మనిషి. మాట తక్కువ.

"ఏం ఇంజనీరూ, అక్కడ ఏం దేవులాడుతున్నవ్?"

పిన్ని జరిగిందంతా చెప్పింది. ఆయన చేతిలో టిఫిన్ డబ్బా కింద పెట్టకుండానే విన్నాడు.

"ఇంతకు ఆ ఫ్లాపీ ఎక్కడ పెట్టి ఎక్కించినవ్?" అని పిన్నిని అడిగాడు.

"ఎక్కడేంటి, కంప్యూటర్లోనే."

"మరి తీసినవా?"

పిన్ని కంప్యూటర్ వైపు తిరిగింది. బాబాయి వెళ్ళి గొర్రెపిల్లని రెండు వేళ్ళతో పైకెత్తి, దాని వెనక ఫ్లాపీ గూటికున్న చిన్న మీట నొక్కాడు. టక్కున ఫ్లాపీ బయటికొచ్చింది. నిన్న సాయంత్రం నుంచి అది అందులోనే ఉంది. బటన్ నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ ముందు ఆ ఫ్లాపీని తడిమి చూసుకుని, తనను నడిపించేది అందులో ఏమీ లేక ఆగిపోతోంది. హార్డ్ డిస్కు దాకా వెళ్ళనే లేదు.

"మా షెడ్డుల ఇంజన్ లేవకుంటె ముందుగాల బయట ఒక చుట్టు తిరిగి చూస్తం. తర్వాతనే పానా పట్టుకుంటం," అని, టిఫిన్ డబ్బా వంటింట్లో పెట్టడానికి వెళ్ళిపోయాడు.

బటన్ నొక్కితే ఈసారి కంప్యూటర్ హాయిగా లేచింది. ఫ్లాపీలో ఆరు పేపర్లూ ఉన్నాయి. సోమవారం పిన్ని వాటిని తీసుకెళ్ళింది, ఎవరూ నవ్వలేదు.

అయితే దానికి ముందు ఆదివారం ఒకటి ఉంది. శనివారం రాత్రికి నేను అల్వాల్‌లోనే ఉండిపోయాను. చర్చిలో ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పే వేళ, ఎవరికి జరిగిన మేలు వాళ్ళు లేచి చెప్పే వేళ, పిన్ని లేచింది. నేను పాటల పుస్తకంలోకి తల దించుకున్నాను.

"మా కంప్యూటర్ చచ్చిపోయిందని ఆశ వదులుకున్నాం. మా అక్క కొడుకు వచ్చి, పాతదంతా తుడిచేసి, మొత్తం కొత్తగా చేసి లేపాడు. దేవునికి స్తోత్రం," అంది.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. సంఘమంతా ఆమెన్ అంది. బాబాయికి మాత్రం దగ్గు వచ్చింది. బయటికొచ్చేసరికి పాస్టరుగారితో సహా ఐదుగురు తమ తమ ఇళ్ళలో లేవని కంప్యూటర్ల గురించి చెప్పడానికి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నేను పిన్ని చెవిలో, "అలా ఎందుకు చెప్పావు?" అన్నాను.

"వెళ్ళు, వెళ్ళి చూడు. మళ్ళీ ఎక్కడన్నా ఫార్మాట్ అన్నావంటే, వచ్చే ఆదివారం లేచి మిగతా సగం చెప్తా," అంది, పాస్టరమ్మగారికి నవ్వుతూ వందనం పెడుతూనే.

అలా మొదలైంది నా వృత్తి. ఆ తర్వాత మూడు నెలలు ఆదివారం మధ్యాహ్నాలు అల్వాల్ వెళ్ళి, పిన్ని పాడుతుంటే తాతయ్య పాటలు నలభై మళ్ళీ టైపు చేశాను. ఆవిడ చదవలేదు, పాడింది. అందుకే ఆ పాటలు నాకు ఇప్పటికీ వచ్చు.

ఇప్పుడు నా కింద పన్నెండుమంది పనిచేస్తున్నారు. కొత్తగా చేరిన ప్రతివాడికీ, ముందు బయట ఒక చుట్టు తిరిగి చూడమని చెప్తాను. వాళ్ళు దాన్ని నా అనుభవసారమనుకుంటారు, నేనూ కాదనను. పోయిన క్రిస్మస్‌కు పిన్ని నా ల్యాప్‌టాప్‌కు నీలం సాటిన్ కవరు కుట్టి ఇచ్చింది. ముందువైపు గొర్రెపిల్ల రేకు కూడా పెట్టింది. ల్యాప్‌టాప్‌కు ముందువైపు ఫ్లాపీ కాదు కదా, చూడటానికి ఏమీ ఉండదు. అయినా రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు ఆ రేకును ఒకసారి ఎత్తి చూసుకుంటాను.