ఎడమ పక్క పేర్లు

ఆవిడకు బల్లిని చూస్తే భయం, ఫోను మోగితే భయం, చాలాసేపు మోగకపోతే ఇంకా భయం. స్కూల్లో జీవశాస్త్రం టీచరు. పిల్లల ముందు బోర్డు మీద గుండె బొమ్మ గీసి పీరియడంతా గడగడా చెప్పేస్తుంది గానీ, హెడ్మాస్టరు “ఏమ్మా” అని పలకరిస్తే చాలు, నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇంత పిరికిమనిషి ఏరికోరి మెదడు జబ్బుల గురించి రాసే పనికి కుదరడమేమిటో ఆ దేవుడికే తెలియాలి.

జీతం భత్యం లేని పని. ఎవరైనా ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో మెదడు, నరాల వ్యాసాలు రాసే గుంపు ఒకటుంది. అందులో అందరికీ మారుపేర్లే. ఈవిడ పేరు చీమ. మీదే ఊరు, ఏం చేస్తుంటారు, ఇంట్లో ఎవరెవరుంటారు అని ఒకరినొకరు అడగకూడదన్నది వాళ్ల పద్ధతి. రాసిన వాక్యానికి ఆధారం ఉందా లేదా, అంతవరకే లెక్క. మొహం చూపించక్కర్లేని ఈ ఏర్పాటు చీమకు ప్రాణానికి హాయిగా ఉండేది.

ఒక్కటే చిక్కు. ఏ జబ్బు గురించి రాస్తే ఆ జబ్బు తనకే వచ్చేసిందనుకునేది. చేతి వణుకు మీద రాసినన్నాళ్లూ టీ గ్లాసు పట్టుకుని తన వేళ్లకేసే చూసుకుంది. మతిమరుపు మీద రాసేటప్పుడు తాళంచెవి కనబడక ఏడ్చేసింది, తీరా చూస్తే అది చేతిలోనే ఉంది. “ఇవాళ చీమకేం జబ్బు?” అని గ్రూపులో ఒకటే వేళాకోళం. “ఈసారి ఆరోగ్యం మీద రాయవే, అదీ అంటుకుంటుందేమో చూద్దాం” అంటాడు భర్త.

ఆ గుంపుకు పెద్దదిక్కులాంటాయన మారుపేరు కత్తెర. ఆధారం లేని వాక్యం కంటబడితే ఎవరిదైనా సరే కసక్కున కోసేస్తారు. చీమ మొదటి వ్యాసంలో సగం అలాగే ఎగిరిపోయింది. ఆవిడకు అన్నం సయించలేదు. తర్వాత ఆయనే ఏ వాక్యం ఎందుకు తీశారో ఓపిగ్గా విడమరిచి రాశారు. అప్పట్నుంచి ఆవిడకు ఆయన మాస్టారు. భయం మాత్రం అలాగే ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అందరూ కలిసి మెదడు రక్తనాళాల వ్యాసం సరిచేస్తున్నారు. అందులో ఒక పట్టిక ఉంది. ఎడమ పక్క రక్తనాళాల పేర్లు, కుడి పక్క అవి మెదడులో ఏ భాగానికి రక్తం అందిస్తాయో. ఉన్నట్టుండి గ్రూపులో కత్తెర విరుచుకుపడ్డారు. “పట్టికలో పేర్లేవి? ఎవరు తీసేశారు? పేర్లు లేని పట్టిక ఎవరికి కావాలి?”

పేర్లు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉన్నాయి. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టమని ఒకరన్నారు. ఎవడో తుంటరివాడు తీసేసి మళ్లీ పెట్టి ఉంటాడని మిగతావాళ్లు పేజీ మార్పుల చరిత్ర తవ్వడం మొదలెట్టారు. వాళ్ల అలవాటే అంత. ఏం జరిగినా తప్పు పేజీలో వెతుకుతారు తప్ప, పేజీ ముందు కూర్చున్న మనిషి ఎలా ఉన్నాడని ఒక్కరికీ తోచదు.

చీమకు మాత్రం ఒళ్లు జల్లుమంది. వారం రోజులుగా ఆవిడ రాస్తున్న వ్యాసం వేరే ఉంది. మెదడు కుడి సగానికి రక్తం ఆగిపోతే కొందరికి ఎడమ పక్క అనేదే లేకుండా పోతుంది. కళ్లు బాగానే ఉంటాయి. కానీ కంచంలో కుడి సగం తిని లేచిపోతారు, కుడి చెంపనే గడ్డం గీసుకుంటారు. అన్నిటికన్నా ఘోరమేమిటంటే, తమకేదో అయిందని వాళ్లకే తెలియదు.

కత్తెర ఆ పూట చేసిన మార్పులు తెరిచి చూసింది. కుడి వరస అద్దంలా ఉంది. ఎడమ వరసలో ఒకే రక్తనాళం పేరు రెండుసార్లు పడి ఉంది. అలాంటిది ఆయన కంటబడితే ఇల్లు పీకి పందిరేసేవారు. ముట్టుకోనైనా లేదు.

“మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా?” అని రాసింది.

“నాకేం, నిక్షేపంలా ఉన్నాను. ముందు పేర్లు పెట్టండి.”

“చీమ ఈసారి జబ్బు మాస్టారికి అంటించిందిరోయ్!” అని ఎవరో రాశారు. వరసగా నవ్వు బొమ్మలు.

 తన అనుమానం తప్పయితే చీమ ఇక గుంపులో తలెత్తుకోలేదు. నిజమైతే, గడిచే ప్రతి నిమిషమూ ఆయన మెదడును కొంచెం కొంచెంగా తినేస్తోంది. పక్కన చిక్కుళ్లు వలుస్తున్న అత్తగారు కోడలి మొహం చూసి, “ఏమైందే, అలా పాలిపోయావు?” అంది. చీమ చెప్పింది.

“అయితే కూర్చుని గోళ్లు కొరుక్కుంటావేం? అడుగు.”

“నవ్వుతారత్తయ్యా.”

“నవ్వితే నవ్వనీ. వాళ్ల పళ్లేగా కనబడేది.”

గ్రూపులో నేరుగా ఒకరితో మాట్లాడే మీట ఒకటుంది, అవతలి కంప్యూటరు స్పీకర్లో మాట వినిపిస్తుంది గానీ ఎవరూ వాడరు. చీమ ఆయనకు ఫోను కలిపింది. 

“ఎవరూ?” మాట కాస్త ముద్దగా ఉంది. అంత వయసున్న గొంతని ఆవిడ అనుకోలేదు.

“నేను, చీమని. మాస్టారూ, మీ ఇంట్లో ఎవరున్నారు?”

“అవన్నీ అడక్కూడదని తెలీదూ? పేర్లు పెట్టారా?”

“పెడతాను. ఒక్కసారి ఇంట్లోవాళ్లని పిలవండి.”

“పనీ పాటా లేదా నీకు? పెట్టేస్తున్నా.”

అప్పుడు చీమ అరిచింది. పుట్టి బుద్ధెరిగాక అంత గొంతెత్తి ఎరగదు. “అమ్మా! ఆ ఇంట్లో ఎవరండీ! ఇలా రండి! అమ్మా!” అత్తగారి చేతిలో చిక్కుళ్లు కింద పడ్డాయి. అవతల ఏదో తలుపు చప్పుడైంది, ఒక ఆడగొంతు, “ఎవరండీ ఆ అరుపులు?” అంది.

“అమ్మా, మీరు ఆయనకేమవుతారు?”

“భార్యని. మీరెవరు?”

“చెప్తాను. ముందు ఆయన్ని ఎడమ చెయ్యి ఎత్తమనండి.”

“ఏమండీ, ఆవిడెవరో ఎడమ చెయ్యి ఎత్తమంటోంది.”

“ఎత్తాను కదే,” అన్నారాయన విసుగ్గా.

 

“ఎత్తలేదమ్మా,” అంది భార్య. “చెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎత్తానంటున్నారు.”

“అంబులెన్సుని పిలవండి. ఇప్పుడే. ఇవాళ ఎప్పటిదాకా మామూలుగా ఉన్నారో డాక్టరుకు చెప్పండి.”

తర్వాత పరుగులు, తలుపులు, ఎవరెవరివో గొంతులు. “నాకేం కాలేదే” అని ఆయన కేకలు. ఆ పైన ఖాళీ గది చప్పుడు. ఎవరూ ఫోను ఆపలేదు. ఏ ఆసుపత్రో తెలియదు, ఆయన అసలు పేరైనా తెలియదు.  చీమ ఆ ఖాళీ గదిని వింటూ కూర్చుంది. 

మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఆయన ఖాతా నుంచే ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి ఆయన భార్య.

“ప్రాణానికి భయం లేదన్నారమ్మా. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు.”  ఆవిడే మళ్లీ అడిగింది.

“మీరు డాక్టరా?”

“కాదండీ. టీచర్ని. దీని గురించి చదివి రాస్తున్నాను, అంతే.”

“అయితే మీకు తెలిసుంటుంది. పొద్దుట్నుంచీ మంచం పక్కనే కూర్చున్నాను. చెయ్యి కూడా పట్టుకున్నాను. ఆయనేమో నర్సుని పిలిచి, మా ఆవిడ ఇంకా రాలేదేం అని అడుగుతున్నారు.”  “తగ్గుతుందా తల్లీ?”

కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. ఆ వాక్యం చీమ స్వయంగా రాసిందే. రాసేటప్పుడు దాని అవతల ఒక మనిషి ఉంటుందని తోచనే లేదు. నిన్నటికంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది.

“మీరు ఏ పక్కన కూర్చున్నారమ్మా?”

“ఆయనకు ఎడమ పక్క.”

“ఆ పక్కనుంచి లేచి కుడి పక్కకి వెళ్లండి. ముందు మిమ్మల్ని చూడనివ్వండి. రోజూ ఆయనతో మాట్లాడుతూ, కొంచెం కొంచెంగా ఎడమ పక్కకి జరగండి. మాట మాత్రం ఆపకండి.”

కుర్చీ ఈడుస్తున్న చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఆయన గొంతు, దూరంగా, ముద్దముద్దగా, “ఇంతసేపూ ఎక్కడికెళ్లావే?”