తెల్లన్నం మర్యాద

అరవైల్లో నేను బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదివాను. బియ్యంలోని బలమంతా పైన ఉండే తవుడులోనే ఉంటుందని క్లాసులో సారు చెప్పేవారు. అది రాసుకుని, మెస్సుకు వెళ్లి, తెల్లగా మెరిసే మిల్లు బియ్యపు అన్నం తినేవాళ్లం. వంటవాళ్లు గంజి కూడా వార్చేసేవారు. తవుడూ గంజీ కాలేజీ గేదెలకు పోయేవి. అవి నిగనిగలాడేవి. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే మాదే.

నా గదిలో ఉండేవాడిది భట్టిప్రోలు దగ్గర పల్లె. పప్పూ కూరా ముట్టేవాడు కాదు. పచ్చడీ మజ్జిగా ఉంటే కంచం నిండా అన్నం లాగించేవాడు. రెండో ఏడు వానాకాలంలో వాడి కాళ్లకు తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒకరోజు ప్రాక్టికల్స్‌లో గట్టు మీద నడుస్తూ తూలి మడిలో పడ్డాడు. అందరం నవ్వాం. ఎంతకీ లేవలేకపోయేసరికి భయమేసింది.

తెనాలి తీసుకెళ్తే డాక్టరుగారు బెరిబెరి అన్నారు. తవుడు తీసేసిన అన్నమే తింటే కాళ్లు పడిపోతాయని పాఠంలో చదివిన రోగమే! ఇంజెక్షన్ ఇచ్చి, "ఇక దంపుడు బియ్యమే తినాలి. లేకపోతే మళ్లీ మంచాన పడతావ్" అని హెచ్చరించారు.

కాళ్లు బాగయ్యేదాకా ఇంట్లో ఉండమని వాణ్ని వాళ్లూరి మీదుగా పోయే రేపల్లె రైలెక్కించాను. "మీ అమ్మ దంచే బియ్యమే తినరా" అన్నాను.

"ఆ ముతకన్నం తప్పించుకోడానికే కదరా చదువుకొచ్చింది" అన్నాడు.

కొన్నాళ్లకు చూడ్డానికి వెళ్లాను. వాడు గోడ పట్టుకుని లేచాడు. వాళ్లమ్మ సంబరంగా విస్తళ్లు వేసి, మాకిద్దరికీ తెల్లన్నం వడ్డించింది. వాడి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను.

"వాడికిది వద్దండి పిన్నిగారూ. డాక్టరుగారు దంపుడు బియ్యమే పెట్టమన్నారు."

"అదేంటి బాబూ! జబ్బు మనిషికి ముతకన్నం పెడితే ఊళ్లోవాళ్లు నన్ను తల్లంటారా? వీడి కోసమే రేపల్లె మిల్లు నుంచి తెప్పించా."

వాడు తల వంచుకుని కలుపుకుంటున్నాడు. ఏం చెయ్యాలో తోచక, "అయితే నాకూ దంపుడన్నమే పెట్టండి. నన్ను చూసి వాడూ తింటాడు" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేం లేనివాళ్లమని మొహమాటపడుతున్నావా నాయనా? నీకు తెల్లన్నం పెట్టలేనంత గతిలేకుండా లేం" అంటూ మరో గరిటె వేసింది.

చెప్పిన ప్రతి మాటా ఆమెకు అవమానంగానే తగులుతోంది. ఆ అన్నం తినలేకా, వదిలేసి లేవలేకా తిన్నాను. ఏడుపొచ్చింది.

మేం లేచాక ఆమె వంటింట్లో కూర్చుని తన దంపుడన్నం గంజిలో కలుపుకుని గబగబా నాలుగు ముద్దలు తింది. తర్వాత నీళ్ల బిందె చంకనెత్తుకుని చకచకా పెరట్లోకి వచ్చింది, కొడుకు చేతులు కడగడానికి. వాడింకా గోడ పట్టుకుని గుమ్మం దాకా కూడా రాలేదు.