జీకే, జీఈ

కుందుర్పిలోని గొర్రెల కాపరుల సంఘంలో కంప్యూటర్ పనికి చేరిన మొదటి వారమే నాకు ఏడుపొచ్చింది. సభ్యుల జీవాల వివరాలన్నీ ఒక డేటాబేస్‌లో ఉన్నాయి. దాన్ని తయారుచేసినాయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఏ పట్టికలో ఏముందో ఎక్కడా రాసిపెట్టలేదు. కాలమ్‌ల పేర్లేమో జీకే, జీఈ. జీకే అంటే నాకు పోటీ పరీక్షల జనరల్ నాలెడ్జి తప్ప ఇంకేమీ తోచలేదు.

వెతగ్గా వెతగ్గా నెట్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ దొరికింది. దానికి బొమ్మలు, బటన్లు ఏమీ లేవు. నల్లటి తెర మీద ఒక్క వాక్యం ఆదేశం రాసి ఎంటర్ నొక్కితే డేటాబేస్‌ను తనే చదివి, పుస్తకంలాగా పేజీలు తయారుచేస్తుందట. రెండు రోజులు తప్పులు చూపించింది. మూడో రోజు పొద్దున పనిచేసింది! విషయసూచిక, ఒక్కో పట్టికకు ఒక్కో శీర్షిక, గళ్లు కొట్టిన వివరాలు, చివర్లో ఏ పట్టికకు ఏది చుట్టమో గీతలతో ఒక బొమ్మ. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

ఒక్క ‘వివరణ’ వరుస మాత్రం పై నుంచి కింది దాకా ఖాళీ. డేటాబేస్‌లో మనం అర్థం రాసిపెడితేనే అది అక్కడికి వస్తుంది.

అప్పుడే సంఘం అధ్యక్షుడు గొర్రెలకు తాపే నట్టల మందు కోసం వచ్చాడు. పుట్టినప్పటి నుంచి మంద వెనక తిరిగిన మనిషి.

"పెద్దనాయనా, జీకే అంటే ఏమి? దాంట్లో ‘కొన’, ‘వంకీ’ అని రాసుండారు."

ఆయన పడీపడీ నవ్వినాడు. "చెవి గాట్లు పాపా అవి! మందలు కలిసిపోతే ఎవురి జీవమో ఆ గాటు చూసే కదా పట్టేది."

గాటు కుడి, గాటు ఎడమ! నా కేకకు పక్క గదిలో వాళ్లు తొంగిచూశారు.

మధ్యాహ్నం దాకా ఆయన చెబుతూ ఉంటే ఒక్కో కాలమ్‌కూ అర్థం రాసుకుంటూ పోయాను. మళ్లీ అదే ఆదేశం ఇచ్చాను. ఖాళీ గళ్లన్నీ తెలుగుతో నిండిపోయాయి. తెర ఆయన వైపు తిప్పాను.

"ఈ గీత ఏమి పాపా?"

"పిల్ల నుంచి తల్లికి, పెద్దనాయనా."

ఆ గీత వెంబడి వేలు జరిపినాడు. "తల్లి సచ్చిపోతే ఇంకో గొర్రె పాలు తాగి బతుకుతాయి కొన్ని. వాటికి గీత యాడుండాది?"

లేదు. ‘పాలిచ్చిన తల్లి’ అని కొత్త కాలమ్ చేర్చి, ఆయన మాటల్లోనే వివరణ రాసి, ఎంటర్ నొక్కాను. బొమ్మలో రెండో గీత లేచింది.

"ఆఁ, ఇప్పుడు సరిపాయ" అన్నాడు.

ఆ వారం సమావేశంలో అచ్చువేసిన కాగితాలు చేతులు మారుతూ తిరిగాయి. ఒక గాటు పేరు దగ్గర ఇద్దరు కాపరులు గట్టిగా వాదించుకున్నారు, ఒక్కో ఊళ్లో ఒక్కో పేరట. రెండూ రాసుకుని ఆఫీసులోకి పరిగెత్తాను.