చివరి పేరు కెప్టెన్‌ది

లెక్కల సారు పోయారు. నేను మా బడి మైదానంలో సున్నం గీతలు గీస్తుండగా, చిన్నప్పుడు నాతో చదివిన సమ్మక్క ఫోన్ చేసి చెప్పింది. "పొద్దున లేచి లాల్ చాయ్ తాగిండంట. గ్లాసు కింద పెట్టి, అట్లనే గోడకు ఒరిగిండంట" అంది. ఆ రోజు గీసిన గీత వంకరగా వచ్చింది, దాన్ని చెరిపి మళ్లీ గీసే ఓపిక లేకపోయింది.

రాష్ట్ర సరిహద్దు అవతల, కోంటా వైపు ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి దాకా ఆయన మాకు లెక్కలు చెప్పారు. బడికి ఆటల సారు లేరు కనుక ఆడపిల్లల ఫుట్‌బాల్ కూడా ఆయన నెత్తినే పడింది. ఆయన బంతిని తన్నగా నేను చూసింది నాలుగైదు సార్లే. అందులో రెండుసార్లు బంతితో పాటు చెప్పు కూడా ఎగిరింది. ఆట నియమాలన్నీ ఒక చిరిగిన హిందీ పుస్తకంలోంచి నేర్చుకున్నారు. మాలో సగం మందిమి ఇంట్లో తెలుగు కలిసిన దోర్లీ భాష మాట్లాడేవాళ్లం, మిగతా సగం గోండీ. ఆయన తెలుగులో మొదలుపెట్టి, హిందీలో తిట్టి, గోండీలో బుజ్జగించేవారు.

మేం వట్టికాళ్లతో ఆడేవాళ్లం. ఆటకు ముందు వరసగా కూర్చుని కాళ్లు చాపమనేవారు. చొక్కా జేబుకు గుచ్చుకున్న పిన్నీసు తీసి, ఒక్కొక్క పాదం వెతికి ముళ్లు తీసేవారు. మాస్టారై ఉండి పిల్లల కాళ్లు పట్టుకోవడం ఏం బాగుంటుందని ఎవరో అంటే, "లెక్కల తప్పు తీస్తే లేని తప్పు, కాలిల ముల్లు తీస్తే వచ్చిందా?" అన్నారు. గొంతు పెంచకుండానే అన్నారు.

జట్టు ఎంచడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. పేర్లన్నీ ఆయనే రాసేవారు, చివరిది ఒక్కటి తప్ప. దాన్ని కెప్టెన్ చెప్పాలి. "పక్కన ఎవరు కావాల్నో ఆడేటోళ్లకే తెలుస్తది" అనేవారు. కానీ ఆ పేరు కెప్టెన్ చెప్పిందని బయట ఎవరికీ తెలియనిచ్చేవారు కాదు. జాబితా అంతా ఆయన చేతిరాతే.

నేను కెప్టెన్‌గా ఉన్న ఏడాది మా బడి రాష్ట్ర పోటీలకు ఎంపికైంది. ఎండాకాలం సెలవుల్లో బడిలోనే శిక్షణ. జాబితాలో పేరున్న పిల్లలు హాస్టల్లో ఉంటారు, లేని పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు. అది బీడీలకు తునికాకు కోసే కాలం. ఇంటికి పోయిన పిల్లకు ఆకు పని, ఆ వెనకే పొలం పని. వానలు పడి బడి తెరిచేనాటికి ఎందరు తిరిగొస్తారో ఎవరూ చెప్పలేరు. ఇదంతా నాకు తెలుసు. పద్నాలుగేళ్ల పిల్లనే గాని, తెలుసు.

చివరి పేరు దగ్గర ఇద్దరు మిగిలారు. ఒకతె సమ్మక్క. పెద్దగా పరిగెత్తేది కాదు కానీ, ఎవరు ఎక్కడున్నారో తలెత్తకుండానే తెలిసినట్టు బంతిని సరిగ్గా కాలి ముందుకు పంపేది. రెండోది జోగి, అడవి లోపలి ఊళ్ల నుంచి వచ్చిన గోండు పిల్ల. బంతి దొరికితే చాలు, నలుగురిని దాటుకుని గోల్ దాకా ఉరికేది. జోగి తండ్రి అప్పటికే ఒకసారి వచ్చి పిల్లను పంపేయమని అడిగాడు. జట్టులో ఉంటేనే ఉంచుతానన్నాడు.

సారు నన్ను వరండాలో కూర్చోబెట్టి అడిగారు. "మనకిప్పుడు బంతి ఇచ్చేది కావాల్నా, బంతితోని ఉరికేది కావాల్నా?"

"ఉరకనీకె నేనున్న గద సార్. ఇద్దరం ఉరికితే బంతి ఇచ్చేదెవరు?" అన్నాను.

ఎంత చక్కటి జవాబో చూడండి. ఇప్పటికీ ఏ శిక్షకుడికి చెప్పినా ఒప్పుకుంటాడు. కానీ నా మనసులో ఉన్నది అది కాదు. జోగి వస్తే గోల్స్ జోగివి అవుతాయి. సమ్మక్క వస్తే బంతి నాకొస్తుంది.

సారు కలం ఎత్తి పట్టుకుని నా వైపు చూశారు. "ఆట కోసమే చెప్తున్నవా?"

"ఆట కోసమే సార్."

ఆయన సమ్మక్క పేరు రాశారు.

మర్నాడు జోగి తండ్రి వచ్చాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అతని కోపమంతా సారు మీద పడింది. మా పిల్లకంటే ఉరికేది మీ దగ్గర ఎవరున్నారు, మీ భాష పిల్ల కాదని తీసేశారా అని గోండీలో నిలదీశాడు. సారు చేతులు కట్టుకుని విన్నారు. చివరికి ఒక్క మాటే అన్నారు, "ఫైసలా నాది." నేను స్తంభం వెనక కుక్కిన పేనులా నిలబడ్డాను. తండ్రి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు, జోగి వెనక నడిచింది. వానాకాలంలో బడి తెరిచారు. జోగి రాలేదు. సారు రెండుసార్లు సైకిల్ మీద వాళ్ల ఊరికి వెళ్లొచ్చారు. అయినా రాలేదు.

పోటీల్లో మేం బాగా ఆడాం. సమ్మక్క పంపిన బంతులతోనే నేను గోల్స్ వేశాను. సర్టిఫికెట్ వచ్చింది. ఆ తర్వాత అది నా ఉద్యోగానికీ పనికొచ్చింది, ఇవాళ నేనూ ఒక బడిలో ఆటల మేడంని. కాబట్టి ఆ ఎంపిక తప్పని ఎవరూ అనలేరు. అదే నన్ను ఇన్నేళ్లూ తినేసింది. ఓడిపోయి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

కొన్నేళ్ల తర్వాత ఒక సంతలో సారుతో నడుస్తుంటే జోగి కనపడింది. చింతపండు గంప ముందు పెట్టుకుని కూర్చుంది, ఒళ్లో చంటిపిల్ల. సారు ఆగి నమస్తే పెట్టారు. ఆమె మొహం తిప్పుకుంది. ఆయన కాసేపు అక్కడే నిలబడి, ఏమీ కానట్టు ముందుకు కదిలారు. ప్రతి సంతలోనూ ఇదే జరుగుతుందని తర్వాత తెలిసింది.

"సార్, నేను పోయి చెప్పేస్త" అన్నాను.

"చెప్తే నీ బరువు దిగుతది. ఆ పిల్లకేమొస్తది?" అన్నారు. "రాసింది నా చెయ్యి. వదిలెయ్."

నేను వదిలేశాను. అంత సులువుగా వదిలేసినందుకు నా మీద నాకు కోపం. సారు మీద కూడా కోపముంది, దాచను. ఒక పిల్ల చదువును ఇంకో పిల్ల నోటి మాట మీద ఎందుకు పెట్టారు? నా అబద్ధం ఆయనకు ఆ వరండాలోనే తెలిసిపోయిందా? అడిగే ధైర్యం చేయలేదు. ఇప్పుడు నా బడిలో జట్టు ఎంచేటప్పుడు నేను ఏ కెప్టెన్‌నీ చివరి పేరు అడగను.

పెద్దకర్మ నాడు ఎర్రబోరు ఊరు దాటి సారు ఊరికి వెళ్లాను. జోగి వాళ్ల ఊరి జనంతో పికప్ బండిలో వచ్చింది. దండ వేసిన ఫోటో దగ్గరికి పోలేదు, భోజనాల వరస చివర కూర్చుని తింది. చేతులు కడుక్కునే డ్రమ్ము దగ్గర ఆమెను పట్టుకుని అంతా చెప్పేశాను.

"సార్ కాదా?" అంది.

"కాదే. నేనే. నువ్వు నాకంటె బాగ ఉరుకుతవని."

ఆమె తడి చేతులు అలాగే పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను. "సంతల ఆయన నమస్తే పెట్టినప్పుడల్ల మొహం తిప్పుకున్న. ఎన్నిసార్లో నీకేం తెలుసు?"

"తెలుసు. ఒకపాలి నేను పక్కనే ఉన్న."

"ఉండి?"

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"టీములకు రానియ్యకపోతివి, పోనీ. ఆయన బతికుండంగన్న చెప్తే ఒక్కసారి తిరిగి నమస్తే పెట్టేదాన్ని గదనే!"

సారును ఆయన చేనులోనే, గట్టు పక్కన పూడ్చారు. జోగి నన్ను దాటుకుని, కోసిన వరి మోళ్ల మధ్య నుంచి ఆ మట్టి కుప్ప దగ్గరికి నడిచింది. మిట్టమధ్యాహ్నం ఎండ. ఆమె రెండు చేతులూ జోడించి నిలబడింది. పికప్ బండి నిండింది, డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు, ఆమె ఊరివాళ్లు పేరు పెట్టి పిలిచారు. జోగి చేతులు దించలేదు.