బాపు కడిగిన ఆకు

మేము డిగ్రీ చదివే కాలంలో పరీక్ష తప్పడం పెద్ద వింతేమీ కాదు. లెక్కల్లో తప్పినవాడికి ఊళ్లో కాస్త గౌరవం ఉండేది, ఇంగ్లీషులో తప్పినవాడి మీద అందరికీ జాలి ఉండేది. నేను తప్పింది ఒక ఆకు దగ్గర. ఎవరికి చెప్పుకున్నా నవ్వే తప్ప జాలి దొరకలేదు. (మీరూ నవ్వుతారని తెలిసే చెబుతున్నాను.)

కరీంనగర్‌లో మాకు వృక్షశాస్త్రం చెప్పే సారును భూతద్దం సారు అనేవాళ్లం. ఆకును చూసినా, విద్యార్థి ముఖం చూసినా ఆయన కంటి ముందు భూతద్దం ఉండాల్సిందే. ప్రాక్టికల్ పరీక్షకు ఒక్కొక్కరూ ఒక ఫెర్న్ మొక్కను వేళ్లతో సహా, బతికుండగా తేవాలన్నాడు. ఫెర్న్‌కు పువ్వు పూయదు, విత్తనం రాదు. ఆకు అడుగున వరుసగా గోధుమరంగు చుక్కలుంటాయి, ఆ చుక్కల్లోని పొడే దాని సంతానం. సిద్ధబీజాలంటారు. "చుక్కల్లేని ఆకు తెస్తే సున్నా" అన్నాడు సారు. అప్పటికే ఒకసారి ప్రాక్టికల్ తప్పి ఉన్నాను. "ఈసారి గూడ తప్పితే నాగలి వట్టుడే, ఇగ చదువు లేదు" అని మంథని దగ్గరి మా ఊళ్లో బాపు, అంటే మా నాన్న, తేల్చి చెప్పేశాడు. నాగలంటే మా ఎద్దుల కంటే నాకే ఎక్కువ భయం.

మార్చి ఎండల్లో ఫెర్న్ ఎక్కడ దొరుకుతుంది? దానికి నీడ కావాలి, తడి కావాలి, గాలి కొట్టని రాతిసందు కావాలి. ఇన్ని కోరికలున్న మొక్క ఆదిలాబాద్ అడవుల్లోనే ఉంటుందని, లక్సెట్టిపేట అవతల ఉన్న అక్క ఇంటికి పోయాను. బావ సగం రోజు నన్ను అడవిలో నడిపించి, చెట్లు కమ్ముకున్న ఒక వాగు దగ్గర ఆగాడు. రాళ్ల మధ్య నల్లమట్టిలో ఉంది నా ఫెర్న్. లేత ఆకులు తేలు తోకలా చుట్టుకుని ఉన్నాయి. ముదురాకు తిప్పి చూస్తే రెండు వరుసల చుక్కలు! నేను గంతులేస్తుంటే బావ ఒక రాయి మీద కూలబడ్డాడు. "గిదాని కోసమా బామ్మర్దీ? మేకలు గూడ మూతి వెట్టయి దీనికి."

తడి తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, రెండు బస్సులు మారి ఇంటికి తెచ్చాను. (పసిబిడ్డ అనుకుని ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు.) మర్నాడు ఆదివారం, సోమవారం పరీక్ష. మొక్కను పెరట్లో చేదబావి పక్కన నీడలో పెట్టి, రికార్డులో బొమ్మలు వేసుకోవడానికి స్నేహితుడి ఇంటికి వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి బాపు బావి గట్టు మీద కూర్చుని, తడిగుడ్డతో ఆకులు తుడుస్తున్నాడు.

"గీ చెట్టుకు తెగులు తగిలింది బిడ్డా. ఆకు కిందంత మచ్చలే. ఒక్కొక్క ఆకు వట్టి కడిగిన. ఇగ ఫికర్ లేదు, చూడు" అని తిప్పి చూపించాడు. ఒక్క చుక్క లేదు. వరి ఆకు మీద మచ్చ కనిపిస్తే అన్నం సహించని మనిషి, కొడుకు మొక్కను ఎలా వదులుతాడు? గోధుమరంగు నీళ్లు బావి రాళ్ల మీదుగా కిందికి కారుతున్నాయి. నా డిగ్రీ అలా కారిపోతుంటే గట్టు పట్టుకుని ఏడ్చాను.

"మంచి చేస్తే ఏడుస్తుండేంది వీడు?" అని బాపు పరేషానయ్యాడు.

"జర అడిగి చేస్తే ఏం వోతుండె నీకు?" అని నన్ను కన్న అవ్వ ఆయన మీదికి లేచింది.

సోమవారం ఆ బోడి ఆకులతోనే కరీంనగర్ వెళ్లాను. భూతద్దం సారు ఆకును తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "ఏవిరా చుక్కలు?"

"మా బాపు కడిగిండు సార్."

గది గదంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు, నవ్వుతూనే సున్నా వేశాడు.

రెండేళ్లు నాగలి వెనక నడిచాను. చాళ్లు వంకర పోతుంటే ఎద్దులు ఆగి నన్ను చూసేవి. పుస్తకాలు అటకెక్కాయి, ఇక నా బతుకింతేనని నమ్మేశాను. అంత దిగులు మళ్లీ ఎప్పుడూ పడలేదు. బాపు ఆకు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. అన్నం దగ్గర మాత్రం "వానికింత ఎక్కువ కూర వెయ్యి" అని అవ్వకు చెప్పేవాడు.

రెండో వానకాలం వెళ్లాక ఒక పొద్దున బావి దగ్గర్నుంచి కేకేశాడు. "ఇటు రా, జర గీడ చూడు." తొంగి చూశాను. గట్టుకు చేయెడు లోతున, ఎండ పడని తడిరాళ్ల సందుల్లో, పచ్చగా ఫెర్న్ మొక్కలు! బాపు కడిగి పారబోసిన పొడి మా బావిలోనే కాపురం పెట్టింది.

"ఆకు కింద మళ్ల గవే మచ్చలున్నయ్. ఈసారి నేను ముట్టుకోలే" అన్నాడు బాపు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

ఆ మొక్కతోనే పాసయ్యాను, ఆ పాఠమే పిల్లలకు చెప్పి రిటైరయ్యాను. "నేను కడిగినందుకే వాడు సారయిండు" అని బాపు చివరిదాకా ఊరంతా చెప్పుకున్నాడు. శాస్త్రప్రకారం కాదనడానికీ లేదు. ఇప్పుడు బాపూ లేడు, బావీ పూడిపోయింది. మొన్న పాత రికార్డు తెరిస్తే, అందులో అతికించిన మా బావి ఫెర్న్ ఆకు నుంచి కాస్త గోధుమరంగు పొడి రాలింది. మా ఆవిడ దుమ్మనుకుని తుడవబోతే ఆపి, ఆ పొడిని నీడలో ఉన్న పూలకుండీలో దులిపాను. ఇన్నేళ్ల నాటి పొడి మొలవదని పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే. అయినా పొద్దున లేవగానే కుండీలో చెంబెడు నీళ్లు పోసి, చేతులు వెనక్కి కట్టుకుని, తొంగి చూస్తున్నాను.